కోసిన ఛాతీకి బాలింత పథ్యం

నొప్పి అంటే నమ్ముతారు. జ్వరం అంటే చెయ్యి పట్టి చూస్తారు. రక్తం కారితే ఊరంతా ఉరికొస్తుంది. ఒంట్లో బలం లేదు, అలుపు వస్తోంది అని చెప్పండి, నవ్వుతారు. మా ఆయన విషయంలో నవ్వనివాళ్లు ఎవరున్నారా అని ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను. ఒక చేతి వేళ్లు కూడా నిండలేదు.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే నా చిన్న బిడ్డ రాస్తోంది. నా మాటను సాపు చేసి పుస్తకాల భాషలో పెడుతోంది, పెట్టనీ. కోపాన్ని మాత్రం సాపు చేయకని దానికి ముందే చెప్పాను.

మాది మెట్‌పల్లి దిక్కు. పెళ్లయిన కొత్తలో మా ఆయనకు బొగ్గుబాయిలో పని దొరికితే గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లాలోకి వచ్చాం. కంపెనీ క్వార్టరు ఇచ్చింది. రెండు గదులు, ముందర చిన్న అరుగు. మేమిద్దరం, మా అత్త, తర్వాత ఇద్దరు ఆడపిల్లలు. నేను ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టేదాన్ని. కూర్చొని అన్నాను కదా, దానికే మా అత్త జీవితాంతం నన్ను దెప్పింది. కూర్చొని చేసేది ఆమె లెక్కలో పనే కాదు.

మా ఆయనది బొగ్గు నింపే పని. బాయి లోపల మందు పెట్టి బొగ్గును పేలుస్తారు. ఆ బొగ్గును చెమ్మస్‌తో, అంటే పెద్ద పారతో, తట్టకెత్తి మోసుకుపోయి టబ్బులో పోయాలి. టబ్బు పట్టాల మీద నడిచే ఇనుప డబ్బా. దాన్ని తాడు కట్టి పైకి లాగుతారు. మనుషులు మాత్రం ఏటవాలు దారిలో నడిచి దిగాలి, నడిచి ఎక్కాలి. ఈ పని ఒక్కడు చేసేది కాదు, జట్టు చేసేది. జట్టు మొత్తం కలిసి నింపిన టబ్బులు అందరికీ సమానం. అందుకే ఒకడి చెయ్యి మెల్లగా ఆడితే ఆ సంగతి డాక్టరుకన్నా ముందు, పెళ్లాంకన్నా ముందు జట్టుకు తెలిసిపోతుంది.

నాకు తెలిసింది బూట్ల దగ్గర. బాయి నుంచి వచ్చి, గోడకు చెయ్యి ఆనించకుండా ఒంటికాలి మీద నిలబడి బూటు విప్పే మనిషి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఎనభైల చివర్లో ఒకనాడు వచ్చి అరుగు మీద కూర్చొని విప్పాడు. కొన్నాళ్లకు కూర్చున్నాడు గానీ విప్పలేదు, బూట్లను చూస్తూ ఉన్నాడు. ఇంకొన్నాళ్లకు పెద్దపిల్లను పిలిచాడు.

"బిడ్డా, గీ బూట్లు జర గుంజు."

"ఏమైంది బాపూ?"

"ఏం గాలే. నడుం వంగుతలేదు."

నడుము బాగానే వంగేది. నాకు తెలుసు. అన్నం సగం తిని కంచం జరిపేవాడు. కూర బాగాలేదా అంటే, "నమిలేటందుకే శాతనైతలేదే," అన్నాడు. మా దిక్కు ఒంట్లో సత్తువ లేకపోతే శాతనైతలేదు అంటాం. జ్వరానికీ అంటాం, ముసలితనానికీ అంటాం. నలభై కూడా దాటని మనిషి అన్నం ముందర కూర్చొని ఆ మాట అన్నాడు.

మా అత్త దిష్టి తీసింది. నిమ్మకాయ కోసింది, మిరపకాయలు పొయ్యిలో వేసింది, తాయెత్తు కట్టించింది. కొడుకు గోడకు ఒరిగితే దిష్టి. అదే నేను బీడీల చేట పక్కన పెట్టి గోడకు ఒరిగితే, "ఏమే, కాళ్లు వడిపోయినయా?" ఒకే గోడ అది.

ఆ తర్వాత జట్టు పెద్ద వచ్చాడు. మా ఆయనకు తమ్ముడి వరస, పదేళ్లుగా పక్కపక్కన పని చేసినవాడు. అరుగు మీద కూర్చొని చాయ్ తాగి గొంతు తగ్గించాడు.

"వదినె, అన్నకు తాగుడు ఎక్కువైందా?"

"తాగితే నీకు తెల్వకుంట తాగుతడా? ఇద్దరు ఒక్క కుండ కాడనే కూసుంటరు గదా."

"నారాజ్ గాకు. నాలుగు తట్టలు మోస్తే కూసుంటుండు. అయిదో తట్టకు నా మొకం జూస్తుండు. ఎన్నాళ్లని జూసీ జూడనట్టుండాలె? మిగితోళ్లు గులుగుతున్నరు."

"దవాఖానకు తోలుకపోండ్రి మరి."

"ఏమని తోలుకపోవాలె వదినె? నొప్పి గూడ లేదంటుండు."

అదీ ఆయన చేసిన తప్పు. నొప్పి లేదు. గుండెపోటు అంటే ఛాతీ పట్టుకొని పడిపోవాలి, ఎడమ చెయ్యి లాగాలి, చెమటలు పట్టాలి. అందరూ దాని కోసమే చూశారు. మా ఆయన గుండె అట్లా చెప్పలేదు, అలుపుతో చెప్పింది.

బాయి దగ్గరున్న దవాఖానాకు నేనే పట్టుకుపోయాను. అప్పుడున్న డాక్టరు పెద్దమనిషి. తల ఎత్తకుండా అడిగాడు.

"నొప్పుందా?"

"లేదు సార్."

"దమ్మొస్తుందా?"

"ఎక్కంగ వస్తది సార్. అది అందరికి వస్తది. గాని శాతనైతలేదు సార్. పొద్దున లేవంగనే శాతనైతలేదు."

డాక్టరు అప్పుడు తల ఎత్తాడు. ఎత్తి కంపౌండరు వైపు చూశాడు.

"గీ బాయి మీద శాతనైతున్నోడు ఎవడన్నుంటే పట్టుకరావయ్యా, సన్మానం జేద్దాం. నాకు గూడ శాతనైతలేదు."

కంపౌండరు పడీ పడీ నవ్వాడు. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, ఏం చేస్తాడు? ఎర్రటి టానిక్ సీసా ఇచ్చి పంపారు. ఆ రోజు తర్వాత ఆయన ఏ మగవాడి ముందరా ఆ మాట అనలేదు. చెమ్మస్ పట్టుకొని పళ్లు కరుచుకొని పని చేశాడు. చివరికి ఏటవాలు దారిలో ఎక్కుతూ ఎక్కుతూ ముందుకు పడ్డాడు. పడ్డాక నమ్మారు. పడితే కనబడుతుంది కదా.

హైదరాబాద్ తీసుకుపోయారు. తొడలోంచి సన్నటి గొట్టం పంపి చూసి, గుండెకు రక్తం పోయే దారులు మూడు మూసుకుపోయాయన్నారు. ఆ మూసుకుపోయిన దారులతోనే ఆయన తట్టలు మోశాడు. అది విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆ టానిక్ సీసాను ఎవడి నెత్తిన పగలగొట్టాలా అనిపించింది.

ఆపరేషన్ తర్వాత నన్ను లోపలికి పంపారు. ఛాతీ మీద నిలువునా కట్టు. దుప్పటి తీస్తే కాలికి కూడా తొడ నుంచి మడమ దాకా కట్టు. నేను కేకలు పెట్టాను.

"గుండె ఖరాబైందంటే కాలెందుకు గోసిన్రు? ఎవల కాలనుకొని గోసిన్రు?"

అక్కడ ఒక మలయాళీ నర్సమ్మ ఉండేది. నన్ను కసరలేదు. కూర్చోబెట్టి, కాలిలోంచి నరం తీసి గుండెకు కొత్త దారి వేశారని వచ్చీరాని తెలుగులో చెప్పింది. దగ్గు వచ్చినప్పుడు దిండును ఛాతీకి గట్టిగా అదుముకోవాలని చూపించింది. ఇంటికి పంపేముందు నా చెయ్యి పట్టుకొని చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "రోజూ నడిపించు అమ్మా. కొంచెం కొంచెం. చాలా నెలలు అలసట ఉంటది. ఏడుపు కూడా వస్తది. భయపడొద్దు, తిట్టొద్దు. లోపల మానుతోంది, దానికే బలం అంతా పోతోంది." నా జన్మలో అలుపు గురించి నవ్వకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆమె.

ఆ మాటలు పట్టుకొని ఇంటికి వచ్చాను. ఇంట్లో మా అత్త పురిటిగది సిద్ధం చేసి పెట్టింది.

నిజంగా పురిటిగదే. కిటికీకి గోనెపట్టా కట్టింది. మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి వాము పొగ వేసింది. చెవులకు తువ్వాల చుట్టింది. తాగడానికి కాగిన నీళ్లే. వేడన్నంలో వెల్లుల్లి కారం, నువ్వుల నూనె, అంతే. పెరుగు బంద్, కూరగాయలు బంద్, తలమీద నీళ్లు బంద్, కాలు కింద పెట్టడం బంద్. ఒళ్లు కోసినవాళ్లకు ఆమెకు తెలిసిన వైద్యం అదొక్కటే. ఆమె చూసిన కోతలన్నీ కాన్పు కోతలే.

ఆ పొగకు ఆయనకు దగ్గు పట్టుకుంది. ఛాతీ ఎముకను రంపంతో కోసి తీగలతో కుట్టిన మనిషి దగ్గితే ఎట్లా ఉంటుందో మీకు తెలియదు. దిండు కరుచుకొని, కళ్లు తేలేసి, ఒక్కో దగ్గుకూ మంచమంతా ఊగేది. నేను కుంపటిని చేతులతో ఎత్తి రోడ్డు మీద పారబోశాను. చేతులు కాలాయి. కాలనీ.

"కోసిన పానానికి కాపుడు లేకుంటే గాలి వడ్తదే ముండా!"

"అత్తా, నీ కొడుకు ఏమన్న గన్నడా? కంటే సూపియ్యి. తొట్టె గడ్తం, పేరు వెడ్తం."

"నీకు పరాచికమా? వాడు సచ్చి బతికిండు."

"నేను సచ్చి బతకలేదా? రెండుసార్లు సచ్చి బతికిన. నన్నెన్ని దినాలు పండవెట్టినవ్? పురుడు గాంగనే బీడీల చేట ఒళ్లె వెట్టలేదా? గిప్పుడు నడువుమన్నోన్ని పండవెడ్తున్నవ్, పండవెట్టాల్సినదాన్ని అప్పుడు లేపితివి."

ఆమె కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఇప్పటికీ ఓదార్చాలని అనిపించదు.

మరుసటి రోజు పొద్దున ఆయన్ను లేపి క్వార్టర్ల వరస వెంట నడిపించాను. నల్లా దాకా పోయి వచ్చాం. కొన్ని రోజులకు చాయ్ హోటల్ దాకా. అక్కడ పొద్దుటి షిఫ్టుకు పోయే జట్టు మొత్తం కూర్చొని ఉంది. పురిటిగది సంగతి అప్పటికే కాలనీ అంతా పాకింది. మా అత్త నోరు ఊరుకోదు కదా. జట్టు పెద్ద గ్లాసు పట్టుకొని గట్టిగా అడిగాడు.

"ఏందన్నా, పురుడైందట గదా! మొగపిల్లగాడా, ఆడపిల్లనా?"

హోటలంతా ఒకటే నవ్వు. ప్రేమతో అన్నాడని తర్వాత చెప్పుకున్నాడు. ప్రేమట. మా ఆయన అక్కడే వెనక్కి తిరిగాడు. ఆ రోజు తర్వాత రోడ్డు మీదికి రమ్మంటే రాలేదు. నేను ఎంత బతిమాలినా, ఎంత తిట్టినా, రెండు గదుల మధ్యే అటూ ఇటూ.

ఆపరేషన్‌కు ముందరి అలుపు వేరు, తర్వాతి అలుపు వేరు. నేను రెండూ దగ్గరుండి చూశాను. ముందరిది పని చేస్తే వచ్చేది. ఇది పని చేయకముందే వచ్చి మంచం మీద కూర్చొని ఉండేది. గడ్డం గీసుకోవడానికి అద్దం ముందర కూర్చొని ఒక చెంప గీసుకునేవాడు, కత్తి పక్కన పెట్టి పడుకునేవాడు. రెండో చెంప నేను గీసేదాన్ని. వంటింట్లో మూత కింద పడి చప్పుడైతే కళ్లలో నీళ్లు తిరిగేవి. చిన్నపిల్ల, ఇదిగో ఇప్పుడు రాస్తున్నదే, బళ్లో పాడిన పాట పాడితే వెక్కి వెక్కి ఏడ్చాడు. నర్సమ్మ ముందే చెప్పింది కాబట్టి నేను భయపడలేదు.

చూడవచ్చినవాళ్లు మాత్రం ఊరుకోలేదు. బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకొని వచ్చేవాళ్లు. "కొత్త నరాలేసిండ్రట గదా, ఇగ గుర్రమే!" అనేవాళ్లు. గుర్రం మంచం మీద సగం గడ్డంతో పడుకొని ఉండేది. బయటికి పోయి ఇంకో మాట అనేవాళ్లు. కంపెనీ డాక్టర్లు ఒక మనిషిని పనికిరాడు, అన్‌ఫిట్ అని రాస్తే, అతని కొడుక్కో అల్లుడికో ఆ పని ఇచ్చే పద్ధతి ఉండేది. దాని కోసం మా ఆయన వేషం వేస్తున్నాడట. నల్లా దగ్గర ఒకామె నా మొహం మీదే అంది.

"మంచిగనే ఉన్నడట గదనే. అన్‌ఫిట్ కోసం పండుకున్నడట."

"అవునే. నా పెద్దబిడ్డ అయిదో తరగతి జదువుతుంది. అల్లున్ని దేవులాడుతున్నం. నీ మొగుడు వస్తడా?"

బిందె అక్కడే వదిలేసి పోయింది.

సెలవు అయిపోయింది. మళ్లీ బాయిలోకి దిగడమా, పైన ఏదైనా తేలిక పనా, డాక్టరు రాయాలి. నా ప్రాణమంతా ఆ ఒక్క కాగితం మీదే ఉంది. పైన ల్యాంపుల గది ఉంటుంది, దిగేవాళ్లకు దీపాలు అందిస్తారు, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకుంటారు. అది ఇస్తే చాలు, బతుకుతాడు. దవాఖానాలో నన్ను పరదా ఇవతల నిలబెట్టారు. లోపల మాటలన్నీ వినబడుతున్నాయి. డాక్టరు మారాడు, కొత్తవాడు వచ్చాడు. నిజం చెప్పాలి కదా, ఆయన సరిగ్గానే అడిగాడు.

"ఎట్లా ఉంది? అలసట ఏమైనా ఉందా?"

అడిగాడు! ఇన్నేళ్లకు ఒక డాక్టరు నోరు తెరిచి ఆ మాట తనంతట తాను అడిగాడు. పరదా ఇవతల నేను ఇంకో అడుగు దగ్గరికి జరిగాను.

"అస్సలు లేదు సార్. మస్తుగున్న."

అదే కంపౌండరు అక్కడే నిలబడి ఉన్నాడు. చాయ్ హోటల్లో జట్టుతో కూర్చునేవాడే. వాడి ముందర చెప్పలేకపోయాడు, అంతే. బాలింత అన్నారు కాబట్టి గుర్రం అయ్యాడు. బాయిలో దిగడానికి ఫిట్ అని రాసిచ్చారు.

రోడ్డు మీదే పట్టుకున్నాను.

"పొద్దున నీ రెండో చెంప ఎవలు గీకిన్రు?"

"ఊకోయే. అందరు జూస్తున్నరు."

"సూడనియ్యి. ఎవలు గీకిన్రో చెప్పు. మస్తుగున్నవా? మల్ల లోపటికి నడువు, గా మాట చెప్పు."

"నాకు ఇజ్జత్ లేదా?"

"ఇజ్జత్ అంట! ఇజ్జత్‌కు గూడ నరాలేసిన్రా నీకు?"

తల దించుకొని నడుచుకుంటూ పోయాడు. చచ్చిపోయినవాళ్లను తిట్టకూడదంటారు. తిడతాను. ఆ ఒక్క రోజుకు ఆయన్ను ఎన్నిసార్లు తిట్టినా నాకు తనివి తీరదు.

దిగినరోజు నేను ఇంట్లో ఉండలేకపోయాను. షిఫ్టు అయ్యే వేళకు బాయి గేటు దగ్గరికి పోయాను. ఆడవాళ్లు బాయి నోటి ముందర నిలబడొద్దంటారు, మంచిది కాదట. నేను నిలబడ్డాను. మనుషులు ఒక్కొక్కరే ఎక్కి వస్తున్నారు. మా జట్టు రాలేదు. తాడు కదిలింది. బొగ్గు టబ్బులు వరసగా పైకి వస్తున్నాయి. బొగ్గు టబ్బులో మనిషి ఎక్కకూడదు, అది బాయిలో గట్టి నియమం. ఒక టబ్బులో బొగ్గు మీద నా మొగుడు ఉన్నాడు. జట్టు పెద్ద టబ్బు అంచు పట్టుకొని పక్కన ఉరుకుతూ వస్తున్నాడు. టబ్బు పట్టాల మీద ఎగిరిన ప్రతిసారీ మా ఆయన తన టోపీని రెండు చేతులతో ఛాతీకి అదుముకుంటున్నాడు. నర్సమ్మ దిండుతో నేర్పిన పని. ఆ టోపీని చూసి నేను గుర్తుపట్టాను, మొహాన్ని చూసి కాదు. మొహమంతా బొగ్గే.

లోపల ఏం జరిగిందో జట్టు పెద్దే చెప్పాడు. కొన్ని తట్టలు మోసి కూర్చుండిపోయాడట. వీళ్లు మారు మాట్లాడకుండా ఆయన వంతు కూడా నింపారట. ఎక్కే దారిలో మధ్యలో కూలబడి, "మీరు వోండ్రి, నేను మెల్లగొస్త," అన్నాడట. పెదవులు తెల్లబడ్డాయట. అప్పుడు ఎత్తి టబ్బులో వేశారు.

"వదినె," అని నా ముందర నిలబడి ఏడుస్తున్నాడు.

"ఏడువకు. అడిగినవ్ గదా? మొగపిల్లగాడే. నల్లగ వుట్టిండు, సూస్కో."

వాడు అక్కడే కూలబడ్డాడు. పడనీ.

మర్నాడు దవాఖానాలో పరదా తోసుకొని ఆయనతో పాటు లోపలికి పోయాను.

"ఆడోళ్లు బయట," అన్నాడు కంపౌండరు.

"నువ్వు వో బయటికి. నువ్వున్నవనే గదా గింతదాక వచ్చింది."

డాక్టరు వాడివైపు చూశాడు. వాడు పోయాడు. మా ఆయన గోడమీద ఏదో ఉన్నట్టు గోడనే చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు అడిగాడు, ఎట్లా ఉందని. నేను నోరు మూసుకున్నాను. నేను చెప్పేస్తే అయిపోయేది, కానీ చెప్పలేదు. మా ఆయనే తన మోకాళ్లు చూసుకుంటూ అన్నాడు.

"శాతనైతలేదు సార్. గడ్డం గీసుకునేటందుకు గూడ శాతనైతలేదు."

"మొన్న అడిగితే చెప్పలేదేం?"

"చెప్పిండు సార్," అన్నాను. "ఆపరేషన్ కంటె ముందుగాలనే చెప్పిండు. గదే కుర్చీల మీ కంటె ముందు కూసున్న సారు నవ్విండు."

కొత్త డాక్టరు నవ్వలేదు. ల్యాంపుల గది అని రాశాడు.

ఇప్పుడు అన్నిటికన్నా కోపం వచ్చే సంగతి చెప్తాను. ఆ అలుపు తగ్గింది. పైన పని ఇచ్చాక, రోజూ పొద్దున నడిచాక, నెలలు పట్టినా తగ్గింది. రెండు చెంపలూ తనే గీసుకున్నాడు. చాయ్ హోటల్ దాకా తనే పోయాడు. తర్వాత కొన్నేళ్లు బతికాడు, పెద్దపిల్ల పెళ్లి చేశాడు. నర్సమ్మ చెప్పింది అక్షరం పొల్లు పోలేదు. ఇంత చిన్న సంగతి నమ్మడానికి ఒక మనిషిని బొగ్గులో వేసి పైకి లాగాల్సి వచ్చింది.

ఒక వానాకాలం మధ్యాహ్నం కూర్చున్నచోటే పోయాడు. పరామర్శకు వచ్చినవాళ్లు, "పోనీ, ఇప్పటికన్న అలుపు తీరింది," అన్నారు. అన్నవాళ్లందరినీ గుర్తు పెట్టుకున్నాను.

నాకిప్పుడు అదే అలుపు వచ్చింది. చేట ముందర కూర్చుంటే వేళ్లు ఆడవు. నల్లా దాకా పోయి బిందె పట్టుకొని అక్కడే నిలబడిపోతున్నాను. మొన్న దవాఖానాకు పోయాను. బల్ల అవతల చిన్న వయసు డాక్టరమ్మ.

"నొప్పి ఎక్కడుంది పెద్దమ్మా?"

"నొప్పి లేదు. శాతనైతలేదు."

వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. వెనక్కి తిరిగి వాడిని చూశాను, చూపు దించుకునేదాకా చూశాను. తర్వాత బల్ల మీద రెండు చేతులూ పెట్టాను.

"ముందుగాల గా మాట రాయి బిడ్డా. నువ్వు రాసినంక లేస్త."